అయ్యగారి వేడినీళ్లు

రెజీనా ఇంటికి గ్యాసు గీజరు వచ్చిన నాటినుంచి రాహేలమ్మకు తిన్నది ఒంటబట్టడం లేదు. పస్తులేమీ ఉండలేదు, తింటూనే ఉంది. కానీ ప్రతి ముద్దకూ ఒకసారి గోడవైపు చూసి మూతి తిప్పుకునేది. గోడకు అవతల రెజీనా. రాహేలమ్మ మొగుడు ఏసేపుకు ఒక్కడే తమ్ముడు, నెహెమ్యా. ఆ నెహెమ్యా పెండ్లామే రెజీనా. తండ్రి కట్టించిన ఇంటిని అన్నదమ్ములు నడిమికి గోడ లేపి పంచుకున్నారు. ఇల్లు పంచుకున్నారు గానీ చెవులు పంచుకోలేదు కదా, తోడికోడలు కొత్త గిన్నె కడిగినా ఇవతల రాహేలమ్మకు తెలిసిపోయేది.

మిక్సీ ముందు దాని ఇంటికే వచ్చింది. ఫ్రిజ్జూ అంతే. దాని మొగుడు లారీ తోలుతాడు, నాలుగు ఊళ్లు తిరుగుతాడు, తెచ్చుకోనీలే అని రాహేలమ్మ దిగమింగింది. గీజరు మాత్రం గొంతు దిగలేదు. ఎందుకంటే అది వేడినీళ్ల వ్యవహారం. సున్నపుమిట్టలో వేడినీళ్లంటే లేవి అయ్యగారు, లేవి అయ్యగారంటే రాహేలమ్మ. పద్నాలుగేళ్లుగా ఇదే లెక్క.

సున్నపుమిట్ట బేతంచెర్లకు ఆటోలో అరగంట. ఊళ్లో సగం మంది గనుల్లో బండలు తీస్తారు, మిగతా సగం పాలిష్ ఫ్యాక్టరీల్లో వాటిని మోస్తారు. ఏటా జనవరిలో మూడు రోజులు ఏసు గుడి ముందు షామియానా వేసి ప్రార్థన కూటాలు పెడతారు. వాక్యం చెప్పడానికి కడప నుంచి లేవి అయ్యగారు వస్తారు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, ఉదయాన్నే ఒంటిమీద పొగలు లేచేంత వేడినీళ్లు పడితే తప్ప కాళ్లు కదలవు. ఆయన బస రాహేలమ్మ ఇంట్లోనే. ఆమె తెల్లవారకముందే లేచి, కంప కట్టెలు ఎగదోసి, కాగు నిండా నీళ్లు మరిగించేది. "నీ నీళ్లు పోసుకుంటే కీళ్లన్నీ వదులైతాయమ్మా" అనేవారు ఆయన. స్నానం చేస్తూ గొంతెత్తి పాటలు పాడేవారు. వీధి వీధంతా వినేది, ఎవరింట్లోంచి వస్తోందో వీధి వీధంతటికీ తెలిసేది.

ఆ మూడు రోజులు రాహేలమ్మ బతుకే వేరు. ఏడాదంతా "ఏమే, యాడ చచ్చినావు" అని అరిచే, ఆమె పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీ మేస్త్రీ కూడా గడప బయట చెప్పులు విడిచి "అమ్మా, అయ్యగారు లేచినారా" అని మెల్లగా అడిగేవాడు. ముందు ఆమె ఇంటికోసం ప్రార్థన చేశాకే ఆయన ఇంకో ఇంటికి పోయేవారు. ఆమెకున్న గొప్ప అదొక్కటే. ఇప్పుడు దానికీ ఎసరు పెట్టింది రెజీనా.

ఆదివారం ఆరాధన అయిపోయాక, సంఘపెద్ద కూటాల సంగతి ఎత్తగానే, రెజీనా లేచి నిలబడింది.

"ఈ తూరి అయ్యగారికి మా ఇంట్లో బస ఇస్తామన్నా. కట్టెల పొగలో కళ్లు మండించుకుంటా, నీళ్లు కాగేదాకా ఆయన చలిలో కూర్చునేది ఎందుకు? మాకు ఇట్ల తిప్పితే అట్ల వస్తాయి."

ఎంత తియ్యగా చెప్పిందో చూడండి. పద్నాలుగేళ్ల సేవ ఒక్క మాటతో పొగైపోయింది. రాహేలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మేమూ గీజరు పెడతాండాం. మాట్లాడినాం గూడా," అంది.

మగవాళ్ల వరుసలో కూర్చున్న ఏసేపు ఉలిక్కిపడి పెళ్లాం వైపు చూశాడు. ఆ మాట వినడం అతనికి అదే మొదటిసారి.

"ఇంకా పది దినాలుండాయి కదా, చూద్దాం," అన్నాడు సంఘపెద్ద.

మరునాడే రాహేలమ్మ మొగుణ్ని వెంటేసుకుని బేతంచెర్లలో రామలింగయ్య దుకాణానికి పోయింది. మోటార్లు, ఫ్యాన్లు, గీజర్లు అమ్మే పెద్ద దుకాణం అది. లోపలికి పోగానే ఏసేపు టీ తాగొస్తానని జారుకున్నాడు. పెళ్లాం ఏదైనా కొనేటప్పుడు అతనెప్పుడూ టీ తాగుతాడు.

"గ్యాసుదా, కరెంటుదా?" అని అడిగాడు రామలింగయ్య.

"ఏది మంచిది?"

"రెండూ మంచివే, రెండిట్లోనూ తిప్పలుండాయి. గ్యాసుదైతే తిప్పినాంక నిమిషం ఆగే పని లేదు. కరెంటు పోయినా నీళ్లొస్తాయి. అయితే గదికి గాలి ఆడాలమ్మా. కిటికీ మూసి, తలుపు బిగించి లోపల మంట మండిస్తే గాలంతా చెడిపోతాది. వాసన తెలీదు, పొగ కనపడదు. నీళ్లు పోసుకునే మనిషి నిద్రొచ్చినట్టు కూలబడతాడు, మళ్లా లేయడు. అందుకే గ్యాసుది ఎవరడిగినా ముందు కిటికీ ఉండాదా అని అడుగుతా. మీ ఇంట్లో ఉండాదా?"

తన ఇంటి కిటికీ కాదు రాహేలమ్మకు గుర్తొచ్చింది, రెజీనాది.

రెండేళ్ల కిందట నెహెమ్యా స్నానాలగది కట్టినప్పుడు వెనక గోడకు చిన్న కిటికీ వదిలాడు. అది రాహేలమ్మ పెరట్లోకి తెరుచుకుంది. మా పెరట్లోకి మీ స్నానాలగది కిటికీ ఏందని రాహేలమ్మ నానా యాగీ చేసింది. సంఘపెద్దలదాకా తీసుకుపోయి, పంచాయితీ పెట్టించి గెలిచింది. గెలిచి ఊరుకుందా? ఫ్యాక్టరీ నుంచి తానే ఒక పాలిష్ బండ మోసుకొచ్చి, దగ్గరుండి సిమెంటుతో మూయించింది. ఆ గదికి ఇప్పుడు గాలి పోయే దారి పాత చెక్క తలుపు కింద ఉన్న జానెడు సందు ఒక్కటే.

"కరెంటుదైతే ఆ భయం లేదు," రామలింగయ్య చెప్పుకుపోతున్నాడు. "కానీ మీ పక్క కరెంటు పొద్దన్నే శానా తక్కువొస్తాది. ఇంట్లో వైరు లావుది ఉండాల. సన్న వైరుకు దీన్ని తగిలిస్తే మాడిపోతాది. ముందు లైను మార్చుకుని తర్వాత బిగించుకోండి."

ఇన్ని మాటల్లో రాహేలమ్మ చెవికెక్కింది ఒక్కటే. గ్యాసుది తెచ్చుకుంటే రెజీనాను చూసి నేర్చుకుందంటారు. కరెంటుది తెచ్చుకుంటే రెజీనాదానికన్నా మేలైనది తెచ్చుకుందంటారు. పైగా రెజీనాది గోడకు తగిలించిన చిన్న డబ్బా, ఇదేమో కడవంత ఉంది.

"కరెంటుదే ఇయ్యండి. అన్నిటికన్నా పెద్దది," అంది.

ఇంటికొస్తూ ఆటోలో కిటికీ సంగతి నాలుకదాకా వచ్చింది. మొగుడికి చెబితే వెంటనే తమ్ముడి చెవిన వేస్తాడు. నెహెమ్యా బండ తీసేస్తాడు. పంచాయితీలో తాను గెలిచిన గెలుపు నీళ్లపాలవుతుంది, రెజీనా గీజరుకు ఉన్న ఒక్క లోపమూ పోతుంది. జానెడు సందు ఉంది కదా, ఇన్నాళ్లూ ఏమైంది, దుకాణంవాడు కరెంటుది అంటగట్టడానికి భయపెట్టి ఉంటాడు అనుకుంది. అనుకున్నాక ఆ మాట నిజమేనని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఆ విద్యలో ఆమె ఎవరికీ తీసిపోదు.

కరెంటు గీజరు బిగించారు. లైను మార్చే ఓపిక రాహేలమ్మకెక్కడిది? మొదటిరోజు మీట వేయగానే గోడ అవతల రెజీనా ఇంట్లో బల్బు గుడ్డిదై, ఫ్యాను నీరసంగా తిరిగింది. రెండిళ్లకూ ఒకే స్తంభం నుంచి ఒకే తీగ మరి.

"అక్కా, ఏం చేస్తాండావు? మా లైటు పోతాండాది," అని అవతలనుంచి కేకేసింది రెజీనా.

ఆ కేకకు రాహేలమ్మ ప్రాణం లేచొచ్చింది. నీళ్లు అక్కర్లేకపోయినా ఆ సాయంత్రం మూడుసార్లు మీట వేసింది, మూడుసార్లూ గోడకు చెవి ఆనించి విని సంబరపడింది. మరునాడు పొద్దున కూడా వేసింది. నాలుగో రోజు గోడలోంచి మాడు వాసన వచ్చి, స్విచ్చు నల్లబడి, ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాయి. లైన్‌మన్ వచ్చి చూసి, కొత్త వైరు లాగేదాకా దాన్ని ముట్టుకోవద్దని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి పోయాడు. ఏసేపు ఒక్క మాట అనలేదు. అననందుకు రాహేలమ్మ అతనితో ఒకపూట పోట్లాడింది.

శనివారం సంఘపెద్ద వచ్చాడు. గడప దాటకుండానే, అయ్యగారి బస ఈ ఏడు రెజీనా ఇంట్లో అని చెప్పాడు. "నువ్వు పద్నాలుగేండ్లు చేసినావు కదమ్మా, ఈ తూరి రెస్టు తీసుకో," అన్నాడు. రాహేలమ్మకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి, బోర్లించి ఉన్న కాగు పక్కన కూలబడి ఏడ్చింది. రెజీనా చేతినీళ్లు బాగున్నాయని అయ్యగారు అంటారేమోనని ఏడ్చింది. దాని ఇంట్లోంచి ఆయన పాట వినపడుతుందే, అది ఎలా వినాలి అని ఏడ్చింది.

అయ్యగారు వచ్చే ముందురోజు నెహెమ్యా లారీలో కొత్త తలుపు తెచ్చాడు. ప్లాస్టిక్ తలుపు, నేలకు అంటుకునేలా కింద రబ్బరు పట్టీ. చలిగాలి అయ్యగారికి తగలకూడదని రెజీనా చెప్పి చేయించింది. పాత చెక్క తలుపును మోసుకెళ్లి వీధిలో పడేస్తుంటే రాహేలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఉన్న ఒక్క సందూ పోయింది.

మరునాడు ఉదయం రెజీనా కూతురు శిల్ప తడి జుట్టుతో వచ్చి ఎప్పటిలాగే రాహేలమ్మ ముందు చతికిలబడింది. రోజూ బడికి పోయేముందు దానికి జడలు వేసేది రాహేలమ్మే. తల్లితో ఎన్ని గొడవలున్నా ఆ పని ఏనాడూ మానలేదు.

"పెద్దమ్మా, కొత్త తలుపేసినాంక లోపల ఎంత ఎచ్చగుండాదో తెలుసా. బయటికే రాబుద్ధి కాలే," అంది ఏడేళ్ల పిల్ల.

"ఊఁ, మీకేమ్మే, మారాజులు," అంది రాహేలమ్మ, జడ కొంచెం బిగించి లాగుతూ. ఆ పిల్ల వెచ్చదనం మీద కూడా ఆమెకు అసూయే కలిగింది.

పిల్ల పోయాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయింది. సాయంత్రానికి అయ్యగారు వస్తారు. ముసలాయన, నిదానంగా స్నానం చేసే మనిషి. లేచి గోడ చుట్టి అవతలికి పోయింది. రెజీనా బియ్యం ఏరుతోంది.

"మే, నీ గ్యాసు డబ్బా మంచిది కాదంట. బేతంచెర్లలో అనుకుంటాండారు."

రెజీనా తలెత్తి నవ్వింది. "అక్కా, నీ కరెంటుది మాడిపోయిందని నా గ్యాసుదాని మీద పడినావా?"

అసలు మాట అక్కడే చెప్పాల్సింది. మీ కిటికీకి నేను పెట్టించిన బండ తీసేయండి, లేకుంటే మనిషి చస్తాడు, అంటే చాలు. రాహేలమ్మ నోరు తెరిచింది కూడా. కానీ ఆ నవ్వు చూశాక మాట వెనక్కి పోయింది.

"నాకేం పట్టింది. చెప్పాల్సింది చెప్పినా," అని లేచి వచ్చేసింది. చెప్పానని మనసుకు సర్దిచెప్పుకుంది. చెప్పింది ఎంత, దాచింది ఎంత అని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

కూటాల మొదటి రోజు పొద్దున. రాహేలమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. బండ వెనకనుంచి గీజరు బుస్సుమన్న చప్పుడు వచ్చింది, ఆ వెంటనే అయ్యగారి పాట. పద్నాలుగేళ్లు తన ఇంట్లో మోగిన పాట. రాహేలమ్మ చేతిలో గిన్నెను నేలకేసి కొట్టినంత పని చేసింది. పాడు, దాని ఇంట్లోనే పాడు, అనుకుంది. మొదటి చరణం అయింది. రెండోది సగంలో గొంతు సన్నబడింది. ఆగిపోయింది.

నీళ్ల చప్పుడు మాత్రం ఆగలేదు. రాహేలమ్మ చేతులు కూడా ఆగిపోయాయి. సబ్బు రుద్దుకుంటున్నారేమో అనుకుంది. పద్నాలుగేళ్లలో ఆయన పాట మధ్యలో ఆపి సబ్బు రుద్దుకున్నది లేదు. ఆ సంగతి ఊళ్లో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"అయ్యగారూ," అని పిలిచింది. పలుకు లేదు. ఇంకోసారి గట్టిగా పిలిచింది.

ఇక ఆగలేదు. గోడ మూలన ఉన్న ఏసేపు సమ్మెట ఎత్తి ఆ బండను కొట్టింది. మూడో దెబ్బకు బండ రెండుగా పగిలి లోపల పడింది. "రెజీనా, తలుపు పగలగొట్టండి, గ్యాసు ఆపండి" అని ఊరు దద్దరిల్లేలా అరిచింది. నెహెమ్యా భుజంతో తలుపును గుద్ది లోపలికి పోయాడు. అయ్యగారు నడుముకు తువ్వాలుతో, గోడకు ఒరిగి, కండ్లు సగం మూసి ఉన్నారు. బయటికి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరారు. కాసేపటికి కక్కుకున్నారు, ఇంకాసేపటికి కండ్లు తెరిచారు. వీధి చివర ఉండే డాక్టరు వచ్చి చూసి, గ్యాసు మంటకు గదిలో గాలి చెడిపోయిందని, ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే ప్రాణం పోయేదని చెప్పాడు.

అందరూ రాహేలమ్మ వైపు తిరిగారు.

"నీకెట్ల తెలిసిందమ్మా?" అన్నాడు సంఘపెద్ద. "నువ్వు గోడకు ఈ పక్క ఉండావు. లోపలేం జరుగుతాందో ఇంట్లోవాళ్లకే తెలీలే."

రాహేలమ్మ తల దించుకుంది. దాన్నే వాళ్లు ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు.

"దేవుడు చూపించినాడు," అంది వెనకనుంచి ఎవరో ముసలామె. "నిన్న గూడా గ్యాసుది మంచిది కాదని రెజీనాతో చెప్పిందంట. దర్శనం అది."

గంటలో ఊరంతా పాకిపోయింది. రాహేలమ్మకు దర్శనమైందని పనులు మానుకుని జనం వచ్చారు. మేస్త్రీ వచ్చి, తన కొడుకు కోసం ప్రార్థన చేయమని ఆమె ముందు తల వంచాడు. మధ్యాహ్నానికి అయ్యగారి సంచి రెజీనా ఇంటినుంచి రాహేలమ్మ ఇంటికి చేరింది. ఆమె కంప కట్టెలు ఎగదోసి కాగు పెట్టింది. కోరుకున్నదంతా, కోరుకున్న దానికి పదింతలు, ఒక్కపూటలో ఇంటికొచ్చింది. అయినా పొయ్యి ముందు కూర్చుని గోడవైపు మాత్రం చూడలేకపోయింది.

సాయంత్రం షామియానా కింద అయ్యగారు కుర్చీలో కూర్చుని, సన్నటి గొంతుతో, ఆ దర్శనం గురించి రాహేలమ్మ సాక్ష్యం చెబుతుందని ప్రకటించారు. ఆమె లేచేలోపే రెజీనా లేచి ముందుకు పోయి మైకు పట్టుకుంది.

"తప్పు నాది," అంది. కండ్లనిండా నీళ్లు. "మా అక్క వచ్చి చెప్పింది. నేను నవ్వినా. గీజరుందని గర్వపడినా. అక్క సేవను లాక్కోవాలని చూసినా. నన్ను క్షమించండి. అక్కా, నువ్వు గూడా."

ఆడవాళ్లు కొంగుతో కండ్లు తుడుచుకున్నారు. ఎవరో స్తోత్రం అన్నారు. షామియానా కింద ప్రతి ముఖమూ రెజీనా మీద జాలితో, ప్రేమతో మెత్తబడింది. రాహేలమ్మ చూసింది. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ క్షణంలో రాహేలమ్మను లేపింది పశ్చాత్తాపం కాదు. అంతమంది ముందు అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుని అందరి మనసూ గెలుచుకుంటోందే అన్న కడుపుమంట. ఒప్పుకోవడంలో కూడా అదే ముందా? దానిది ఒక తప్పా? విసవిసా నడిచిపోయి మైకు అందుకుంది.

"దానిదేం తప్పు లేదు," అంది. "నాకు దర్శనమూ లేదు, పాడూ లేదు. బేతంచెర్లలో దుకాణమాయన చెప్పినాడు. కిటికీ మూసిన గదిలో గ్యాసుది పెడితే మనిషి చస్తాడని. కిటికీ మూయించింది నేనే. నాకు తెలుసు. ఎవరికీ చెప్పలే. అయ్యగారు దాని ఇంటికి పోతారని కడుపుమండి చెప్పలే."

చెప్పేసరికి గుండె తేలికైంది. ఇంకెవరూ దీన్ని మించలేరన్న గర్వం కూడా లోపల ఎక్కడో కదిలింది. అయ్యగారు కండ్లు మూసుకున్నారు. రెజీనా ఇంకా పక్కనే నిలబడి ఉంది.

"ఎప్పుడు చెప్పినాడు అక్కా ఆయన నీకు?"

"పోయిన వారం సోమవారం. నువ్వు గుడిలో బస అడిగిన మర్నాడు."

రెజీనా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మైకు దగ్గరే ఉండటంతో ఆమె మెల్లగా అన్న మాట కూడా షామియానా చివరిదాకా వినపడింది.

"అప్పటినుంచి పది దినాలు. నా బిడ్డ రోజూ ఆ గదిలోనే కదా అక్కా నీళ్లు పోసుకున్యాది. కొత్త తలుపేసినాంక గూడా. పోసుకుని నీ దగ్గరికే కదా వచ్చింది."

పది రోజులుగా రాహేలమ్మ తలలో ఉన్నది అయ్యగారు, రెజీనా, తాను. ఆ గదిలో శిల్ప ఉంటుందన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు. ప్రతి ఉదయం ఆ తడి జుట్టును తన చేతులతోనే విడదీసింది, అయినా రాలేదు.

ముందు వరుసలో పిల్లల మధ్య కూర్చున్న శిల్ప పెద్దమ్మను చూసి, ఏమైందో తెలియక చేయి ఊపింది. రెజీనా వంగి బిడ్డను ఎత్తుకుంది. ఏడేళ్ల పిల్ల, ఎత్తుకునే వయసు కాదు, అయినా ఎత్తుకుని, ఆడవాళ్ల వరుసల మధ్యనుంచి వెనక్కి చూడకుండా నడిచిపోయింది. రాహేలమ్మ మైకు పట్టుకుని అక్కడే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.